ఆవకాయ అందరిదీ, రాత రాసినావిడదీ

రండి వదినగారూ, ఆ తడిచేతులు కొంగుకి తుడుచుకుని ఇలా గోడ దగ్గరికి రండి. వంట అయిపోయింది, అన్నయ్యగారు కునుకు తీస్తున్నారు, పాలవాడు రావడానికి ఇంకా చాలా టైముంది. తొందరేముంది చెప్పండి? మీతో ఒక సంగతి మాట్లాడాలని పొద్దుట్నించీ చూస్తున్నాను.

కాపీరైటు గురించి. అదుగో, అప్పుడే మొహం అలా పెట్టేశారు! లాయర్ల గొడవ మనకెందుకంటారు, అంతేగా? మీకెందుకో నేను చెప్తానుండండి. పోయిన నెల కాలనీ వాట్సాప్ గ్రూపులో కాకరకాయ ఉల్లికారం ఎలా చేయాలో మీరు రాశారు. చదివాను. రెండోసారి కూడా చదివాను. ఉల్లిపాయ దంచేటప్పుడు మీ అమ్మగారు రోలు దగ్గర పాడుకునే పాట గురించి రాశారు చూడండీ, అక్కడ నాకు కళ్ళు చెమర్చాయి. వారం తిరక్కుండా అదే రాత మా తోడికోడలు వాళ్ళ గ్రూపులో తేలింది. ఒక్క అక్షరం తేడా లేదు. మీ పేరు మాత్రం లేదు. కింద 'సేకరణ' అని ఉంది. ఎవరు సేకరించారో, ఎక్కణ్ణించి సేకరించారో ఆ దేవుడికే తెలియాలి.

మీరు నవ్వి ఊరుకున్నారట. నేను ఊరుకోను. ఇందులో మీది ఏదో, అందరిదీ ఏదో ఇవాళ తేల్చుకుని లేద్దాం. ముందు ఆవకాయతో మొదలుపెడతాను.

మామిడికాయ ముక్కలు, ఆవపిండి, కారం, ఉప్పు, నువ్వులనూనె, మెంతులు, ఇష్టమైతే వెల్లుల్లి. ఇదెవరి సొత్తండీ? ఎవరిదీ కాదు. గుంటూరావిడ కాస్త కారం ఎక్కువేస్తే, గోదావరి ఆవిడ ఆవపిండి ఎక్కువేస్తే అది వాళ్ళ చేతివాటం. దినుసులూ కొలతలూ వరసగా రాసినంత మాత్రాన అది నా సొంతం, ఇంకెవరూ చేయకూడదు అనడానికి ఏ చట్టంలోనూ చోటులేదు. దినుసుల జాబితాకి రక్షణ ఉండదని అమెరికా కాపీరైటు ఆఫీసు విడిగా రాసి మరీ చెప్పింది. మన చట్టంలో వంటల మాట ఎక్కడా లేదుగానీ, సూత్రం మాత్రం అదే. ఆలోచనకీ పద్ధతికీ కాపీరైటు లేదు. వాటిని ఎవరు ఏ మాటల్లో చెప్పారో ఆ చెప్పడానికి ఉంది.

ఇప్పుడు ఇది వినండి. మా మేనత్త తన కూతురు కాపురానికి వెళ్ళేటప్పుడు ఒక కాయితం మీద రాసిచ్చింది. 'కాయ కొట్టించేటప్పుడు పక్కనే నిలబడు. ప్రతి ముక్కకీ టెంక అంటుకుని ఉండాలి. టెంక లేని ముక్క సంక్రాంతి దాకా ఆగదు, మెత్తబడి పిండిలో కలిసిపోతుంది. జీడి తీసి, లోపలి పొర గీకి, పొడిగుడ్డతో తుడువు. మూడోనాడు తిరగ కలిపేటప్పుడు నూనె పైకి తేలకపోతే కంగారుపడకు, ఇంకాస్త పొయ్. జాడీకి వాసెన కట్టేదాకా మీ ఆడపడుచుతో కబుర్లు పెట్టుకోకు, మాటల్లో పడితే తడి చెయ్యి పెడతావు.' చూశారా? వంట అదే ఆవకాయ. కానీ ఆ ఆడపడుచూ, ఆ తడి చెయ్యీ, ఆ పక్కనే నిలబడమనడం, ఇవన్నీ మా మేనత్తవి. చదివి ఆవకాయ పెట్టుకోండి, ఎవరూ ఏమీ అనరు. ఆ వాక్యాలు ఎత్తుకెళ్ళి మీ పుస్తకంలో అచ్చేసుకుంటే మాత్రం తప్పు.

మీ కాకరకాయ సంగతీ ఇంతే. ఉల్లికారం అందరిదీ. మీ అమ్మగారి రోలు దగ్గర పాట గురించి మీరు రాసింది మీది. ఫోటో మీరే తీశారుగా? అదీ మీదే.

మనది 1957 నాటి కాపీరైటు చట్టం. మధ్యలో చాలాసార్లు సవరించారు, 2012లో పెద్ద సవరణే చేశారు. ఆలోచన వేరు, చెప్పిన తీరు వేరు అని మన సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది 1978లో. ఆ కథ సరదాగా ఉంటుంది, చెప్తాను. ఢిల్లీలో ఆర్.జి. ఆనంద్ అని ఒక నాటక రచయిత ఉండేవారు. 'హమ్ హిందూస్తానీ' అని నాటకం రాశారు. ఒక పంజాబీ కుటుంబం, ఒక మద్రాసీ కుటుంబం, వాళ్ళ పిల్లల మధ్య ప్రేమ, మీ ప్రాంతం మా ప్రాంతం అని పెద్దల పట్టింపులు. నాటకం బాగా ఆడింది. 1956లో 'న్యూఢిల్లీ' అని హిందీ సినిమా వచ్చింది. అందులోనూ పంజాబీ, మద్రాసీ, ప్రేమ, పట్టింపులు! ఆయనకి ఎంత మండుంటుందో ఊహించుకోండి. కోర్టుకెళ్ళారు. ఇరవై ఏళ్ళకి పైగా సాగి చివరికి ఓడిపోయారు. ప్రాంతాల పట్టింపు అనే విషయం ఎవరైనా తీసుకోవచ్చు, దాన్ని నడిపించిన తీరు వేరుగా ఉంది కాబట్టి ఇది కాపీ కాదు అన్నారు. రెండూ చూసినవాళ్ళకి ఇది దానికి నకలే అని నిస్సందేహంగా అనిపించాలి, అప్పుడే తప్పు అవుతుంది అన్నారు.

నాకా తీర్పు మొదట మనసుకి పట్టలేదండీ. పాపం, మనిషి రాసుకున్న కథ కదా అనిపించింది. తర్వాత ఆలోచిస్తే సబబే అనిపించింది. లేకపోతే అత్తాకోడళ్ళ కథ మొట్టమొదట రాసినావిడ తప్ప ఇంకెవరూ కథ రాయడానికి లేదు. మన టీవీలన్నీ మూతపడాలి.

ఇక పేర్లు. మీ పెద్దమ్మాయి కథకి పేరు పెట్టి, ఆ పేరు ఇంకెవరో వాడారని గోల పెట్టిందన్నారు. వట్టి పేరుకి కాపీరైటు లేదమ్మా. 'దేసీ బాయిస్' సినిమా పేరు మీద నడిచిన కేసులో 2015లో సుప్రీంకోర్టు ఆ మాటే చెప్పింది. పిల్లకి చెప్పండి, పేరు పోతే పోయింది, కథ పదిలంగానే ఉంది.

ఎక్కడున్నాం? ఆఁ, వంటలు. అమెరికాలో 2010లో జరిగింది ఇంకోటి ఉంది. మీరు తప్పక వినాలి. ఒకావిడకి పాతకాలపు ఇంగ్లండు వంటల మీద మోజు. పధ్నాలుగో శతాబ్దంలో యాపిల్ టార్టు ఎలా చేసేవారు, పదహారో శతాబ్దానికి ఎలా మారింది అని కష్టపడి చదివి ఒక వ్యాసం రాసి నెట్‌లో పెట్టుకుంది. 'కుక్స్ సోర్స్' అని ఒక చిన్న వంటల పత్రిక దాన్ని ఉన్నదున్నట్టు అచ్చేసుకుంది. ఈవిడ పేరైతే వేశారు, అడగడం మాత్రం లేదు. ఎవరో స్నేహితురాలు చూసి, నీ వ్యాసం వచ్చిందే, అభినందనలు అంటే గానీ ఈవిడకి తెలీనే తెలీదు. ఈవిడేమీ లక్షలు అడగలేదు. క్షమాపణ చెప్పండి, ఒక జర్నలిజం స్కూలుకి 130 డాలర్లు విరాళమివ్వండి అంది. ఎంత మర్యాదైన మనిషో చూడండి! దానికా సంపాదకురాలు ఏం జవాబిచ్చిందంటే, నెట్‌లో ఉన్నదంతా అందరి సొత్తే, పైగా నీ రాతని నేను దిద్ది బాగుచేశాను కూడా అని. అది బయటికి పొక్కింది. జనం ఆ పత్రిక మీద విరుచుకుపడ్డారు. ఇంకా ఎవరెవరి రాతలు ఎత్తుకొచ్చారో వెతికి బయటపెట్టారు. ప్రకటనలిచ్చేవాళ్ళు వెనక్కి తగ్గారు. ఆ నెలలోనే పత్రిక మూతపడింది.

ఇందులో నాకు నచ్చేది ఏంటంటే, ఆ టార్టులు ఎవరివీ కావు. వందల ఏళ్ళ నాటివి. ఆ వంటలు ఎవరైనా చేసుకోవచ్చు, ఎవరైనా వాటి గురించి రాసుకోవచ్చు. ఆవిడ రాసింది మాత్రం ఆవిడదే. నెట్‌లో పెట్టినంత మాత్రాన, వాట్సాప్‌లో పెట్టినంత మాత్రాన అది వీధిలో పారేసినట్టు కాదు. ఈ ఒక్క మాట మన కాలనీ గ్రూపులో అందరికీ ఎక్కితే చాలు.

మాలతీ చందూర్ గారి 'వంటలు-పిండివంటలు' మీ ఇంట్లో ఉందిగా? అట్ట ఊడిపోయి, నూనె మరకలతో, దారం కట్టి ఉంటుంది, నాకు తెలుసు. ఎన్నిసార్లు అచ్చయిందో ఆ పుస్తకం! కొత్త కాపురాలు ఎన్ని దాని మీద నిలబడ్డాయో! అందులో చూసి మీరు వంద వంటలు చేయండి, కేటరింగ్ పెట్టి అమ్మండి కూడా, ఆవిడ పుస్తకం ఉన్నదే అందుకు. ఆ పేజీలు స్కాన్ చేసి పీడీఎఫ్ కట్టి పంచితే మాత్రం అది ఆవిడ వారసుల హక్కు మీద చెయ్యి వేసినట్టు. ఆవిడ 2013లో పోయారు. ఆ హక్కు 2073 చివరిదాకా ఉంటుంది.

అదెలా లెక్క అంటారా? రచయిత బతికున్నన్నాళ్ళూ, పోయిన ఏడాది తర్వాత జనవరి ఒకటి నుంచి 60 ఏళ్ళూ. ఇదివరకు 50 ఏళ్ళే ఉండేది. టాగూరు గారు 1941లో పోయారు కదా, 1991తో గడువు తీరిపోతోంది. ఆయన పుస్తకాల హక్కులు విశ్వభారతివి. అవి చేజారిపోతాయని బెంగాల్లో పెద్ద ఆందోళన. సరే, గడువింకా కొద్దిరోజులుందనగా ఆర్డినెన్సు తెచ్చి పదేళ్ళు పెంచారు, 1992లో చట్టమే చేశారు. ఆయన పుణ్యమా అని దేశంలో రాసే ప్రతివాళ్ళకీ పదేళ్ళు కలిసొచ్చాయి. ఆయన పుస్తకాలు 2002 జనవరి నుంచి అందరివీ అయ్యాయి.

మనవాళ్ళ లెక్క చూస్తే, గురజాడ వారు 1915లో పోయారు కాబట్టి 'కన్యాశుల్కం' ఎవరైనా అచ్చేసుకోవచ్చు. బుచ్చిబాబు గారు 1967లో, అంటే ఆయన బతికుండగా అచ్చయిన 'చివరకు మిగిలేది' 2027 డిసెంబరు దాకా వారసులదే. శ్రీశ్రీ 1983లో, అంటే 'మహాప్రస్థానం' 2043 దాకా. యద్దనపూడి సులోచనారాణి గారు 2018లో పోయారు, ఆవిడ నవలలు 2078 దాకా. మరి మన గ్రూపుల్లో తిరిగే ఆ నవలల పీడీఎఫ్‌ల సంగతేంటి? తప్పేనండీ. మీ చిన్నమ్మాయి పంపిస్తుంటే మీరు దాచుకుంటున్నారని నాకు తెలుసు. తల దించుకోకండి, తిట్టడానికి పిలవలేదు. కొనుక్కోండి. లేదా నా దగ్గర తీసుకెళ్ళండి, నా బీరువాలో ఉన్నాయి. కొన్న పుస్తకం పక్కింటికి ఇవ్వడానికి ఏ అడ్డూ లేదు. మన చిన్నప్పుడు రోజుకింతని తీసుకుని నవలలు అద్దెకిచ్చే లైబ్రరీలుండేవి చూశారూ, వాళ్ళు చేసిందీ తప్పు కాదు. కొన్న ప్రతి చేతులు మారొచ్చు. కొత్త ప్రతి పుట్టించకూడదు. పీడీఎఫ్ పంపిన ప్రతిసారీ ఒక కొత్త ప్రతి పుడుతోంది, అదీ తేడా.

అలాగని అన్నిటికీ భయపడక్కర్లేదు. పుస్తకం మీద సమీక్ష రాస్తూ రెండు వాక్యాలు ఎత్తి చూపించుకోవచ్చు. మీ చదువు కోసం మీరు నాలుగు పేజీలు రాసుకోవచ్చు. వార్త రాస్తూ ఉటంకించుకోవచ్చు. చట్టంలో 52వ సెక్షన్ ఇవన్నీ ఒప్పుకుంది. అందులోనే ఇంకోటి ఉంది, వింటే మీకు ముచ్చటేస్తుంది. పూజలూ వ్రతాల దగ్గరా, పెళ్ళి ఊరేగింపులోనూ, పెళ్ళికి సంబంధించిన వేడుకల్లోనూ పాటలు వాయించుకోవడం తప్పు కాదని రాసి ఉంది. మన పెళ్ళి ఊరేగింపుని పార్లమెంటులో ఎవరో గుర్తుపెట్టుకున్నారు చూడండి! కానీ మీ కోడలు వంటల వీడియో వెనకాల సినిమా పాట పెడుతోందిగా, దానికి ఈ వెసులుబాటు లేదు. వీడియో ఆ అమ్మాయిది, పాట ఆ అమ్మాయిది కాదు. ఏ పాటలు వాడుకోవచ్చో ఆ యాప్‌లోనే ఉంటాయి, వాటిలోంచి తీసుకోమనండి. నన్నడిగితే వీడియో వెనకాల పోపు చిటపటలు వినిపిస్తే చాలు.

అన్నట్టు మీ చెల్లెలు పూతరేకులు చేసి అమ్ముతానంటోందిట కదా. మంచి మాట. పూతరేకులు ఎవరైనా చేసుకోవచ్చు. డబ్బా మీద 'ఆత్రేయపురం పూతరేకులు' అని మాత్రం వేయొద్దనండి, ఆవిడ ఉండేది కూకట్‌పల్లి. ఆ పేరుకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ పేరు ఆ ఊరివాళ్ళది. బందరు లడ్డుకి 2017లో, హైదరాబాదు హలీమ్‌కి 2010లో, తిరుపతి లడ్డుకి 2009లో వచ్చాయి. ఇది కాపీరైటు కాదు, వేరే చట్టం, 1999ది. చెల్లెలు తన సొంత పేరేదో పెట్టుకుంటే దాన్ని ట్రేడ్‌మార్కుగా రిజిస్టరు చేసుకోవచ్చు, అది ఇంకో చట్టం. మరి రేకుల్లో ఆవిడ కలిపే ఆ జీడిపప్పు పొడి కిటుకు? దాన్ని కాపాడడానికి ప్రత్యేకంగా చట్టమంటూ లేదు, ఎవరికీ చెప్పకుండా ఉండడమొక్కటే మార్గం. మీకు చెప్పిందా? నాకు చెప్తారా? సరే, అడగన్లెండి.

అసలు కాపీరైటు ఎప్పుడొస్తుందని మొన్న మేష్టారి భార్య అడిగింది. ఎక్కడ దరఖాస్తు పెట్టాలి, ఎంత కట్టాలి అని. ఏమీ కట్టక్కర్లేదు! మీరు రాసిన క్షణానే వస్తుంది. కాయితం మీద రాసినా, ఫోన్‌లో కొట్టినా, అప్పుడే. అచ్చవక్కర్లేదు, సున్నాలో 'సి' అక్షరం గుర్తు వేయక్కర్లేదు. కావాలంటే రిజిస్టరు చేసుకోవచ్చు. ఢిల్లీలో కాపీరైటు ఆఫీసుంది, ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు, ఒక్కో రచనకి 500 రూపాయలు. ఎవరైనా అభ్యంతరం చెప్తారేమోనని 30 రోజులు ఆగుతారు. రిజిస్ట్రేషన్ ఉంటే రేపు తగాదా వచ్చినప్పుడు చేతిలో కాయితం ఉంటుంది, అంతే. లేకపోయినా హక్కు పోదు. కొంతమంది రాతప్రతిని తమ పేరున తామే పోస్టులో పంపుకుని, కవరు విప్పకుండా బీరువాలో దాస్తారు. మా బాబాయి ఒకాయన అలా దాచిన కవర్లు ఇప్పటికీ ఉన్నాయి, ఏ కవర్లో ఏ కథుందో ఎవరికీ తెలీదు. విప్పితే రుజువు పోతుందని ఆయన భయం. దానికి చట్టంలో ప్రత్యేకమైన విలువేమీ లేదు. పాపం, ఆ కథలు విప్పి ఎవరికైనా చదివి వినిపించుంటే బాగుండేది.

ఇక కథలు రాసేవాళ్ళకి నేను ముఖ్యంగా చెప్పదలుచుకున్నది ఇదీ. పోటీకి కథ పంపిస్తూ హామీపత్రం జతచేస్తాం కదా. ఈ కథ నా సొంతం, దేనికీ అనుకరణ కాదు, అనువాదం కాదు, ఎక్కడా అచ్చు కాలేదు అని. అది రాయడం న్యాయమే. ఆ నిబంధనల్లోనే ఆఖర్న చిన్న అక్షరాల్లో, కథ మీద సర్వహక్కులూ మావే అని ఒక్కోసారి ఉంటుంది. అక్కడ కళ్ళజోడు పెట్టుకుని చదవండి! ఇల్లు అద్దెకివ్వడం వేరు, రిజిస్ట్రారాఫీసులో రాసిచ్చేయడం వేరు కదా. ఒకసారి అచ్చేసుకోవడానికి ఒప్పుకోవడం అద్దెకివ్వడం లాంటిది. హక్కులు రాసిచ్చేస్తే సినిమా తీసినా, ఇంకో భాషలోకి వెళ్ళినా, ఆడియో చేసినా మనల్ని అడగరు.

చట్టం ఇక్కడ మన పక్షానే ఉంది, అది చాలామందికి తెలీదు. హక్కులు బదిలీ చేయాలంటే రాతపూర్వకంగా ఉండాలి, మీ సంతకం ఉండాలి. ఫోన్‌లో సరేనండీ అన్నంత మాత్రాన పోవు. ఏ రచన, ఏ హక్కులు, ఎన్నేళ్ళు, ఏ ప్రాంతంలో, ఎంత సొమ్ము, అన్నీ రాయాలి. ఎన్నేళ్ళో రాయకపోతే ఐదేళ్ళే అని లెక్క. ఏ ప్రాంతమో రాయకపోతే మన దేశం వరకే. తీసుకున్నవాళ్ళు ఏడాదిలోపు ఏమీ చేయకుండా మూలపడేస్తే, వేరే షరతు రాసుకుని ఉంటే తప్ప, ఆ హక్కు మళ్ళీ మీ దగ్గరికే వస్తుంది. నాకు తెలిసిన ఒకావిడ నవల ఒక ప్రచురణకర్త తీసుకుని అచ్చేయకుండా ఏళ్ళ తరబడి ఉంచుకున్నాడు. ఈవిడ అడగడానికి మొహమాటపడి కూర్చుంది. మొహమాటపడకండి. అడగండి.

హక్కులన్నీ అమ్మేసినా అమ్ముడుపోనివి రెండున్నాయి. మీ రచన మీద మీ పేరుండాలనే హక్కు, దాన్ని మీ పరువు పోయేలా పాడుచేయకుండా ఆపే హక్కు. 57వ సెక్షన్. హిందీలో మన్నూ భండారీ గారని గొప్ప రచయిత్రి, 'ఆప్‌కా బంటీ' నవల ఆవిడదే. తల్లీతండ్రీ విడిపోతే నలిగిపోయే పిల్లవాడి కథ. దాన్ని సినిమాకిచ్చారు. తీరా చూస్తే తన నవలని వికృతం చేశారని ఆవిడ కోర్టుకెళ్ళారు. సినిమాగా తీసేటప్పుడు కొన్ని మార్పులు తప్పవుగానీ, హక్కులు ఇచ్చినంత మాత్రాన రచనని వక్రీకరించకుండా ఆపే హక్కు రచయితకి పోదని ఢిల్లీ హైకోర్టు చెప్పింది. నేను ఆ నవల చదివి ఆ పిల్లవాడి కోసం ఏడ్చాను, అందుకే ఆ తీర్పంటే నాకంత గౌరవం.

కాబట్టి మీ ఉల్లికారం కింద 'సేకరణ' అని పెట్టినవాళ్ళు ముందు చేసిన అపచారం మీ పేరు తీసేయడం. డబ్బు నష్టం ఏముంది అందులో, ఏమీ లేదు. పేరు తీసేయడమే నష్టం. ఆ రోలు దగ్గర కూర్చున్నది ఎవరి అమ్మో చదివేవాళ్ళకి తెలియకుండా పోయింది.

మీ అత్తగారి వంటల పుస్తకం సంగతి కూడా చెప్పేస్తాను, మళ్ళీ మర్చిపోతాను. ఆ పాత డైరీలో ఆవిడ రాసుకున్నవి అచ్చేయిద్దామని మీ మరిదిగారంటున్నారుట. వేయించండి, ఎంత మంచి పని! కానీ పుస్తకం మీ బీరువాలో ఉంది కాబట్టి హక్కు మీదే అనుకోకండి. ఉత్తరం అందుకున్నవాళ్ళది కాయితమే, అందులో మాటలు రాసినవాళ్ళవి. అలాగే ఇదీను. అత్తగారి తర్వాత ఆ హక్కు వారసులందరిదీ. ఆవిడ వీలునామాలో ఆ డైరీ ఫలానావారికి అని రాసుంటే, వేరేగా ఏమీ చెప్పకపోతే, అచ్చుకాని ఆ రాత మీద కాపీరైటూ దాంతోపాటే వాళ్ళకి వెళ్తుంది. రాయలేదుగా? అయితే మీ ఆడపడుచుల్ని పిలిచి కూర్చోబెట్టి అడగండి. పెద్దావిడ కాస్త బెట్టు చేస్తుంది, చేయనివ్వండి, కాఫీ ఇవ్వండి. ఒప్పుకుంటుంది. పోయాక మొదటిసారి అచ్చయిన రచనకి అచ్చయిన మరుసటి ఏడాది నుంచి లెక్కకట్టి 60 ఏళ్ళు హక్కు ఉంటుంది. మీ మనవల కాలందాకా అన్నమాట.

పెళ్ళి ఫోటోలదీ ఇలాంటి చిక్కే. వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోల కాపీరైటు తీయించుకున్నవాళ్ళదే. అయితే ఇప్పుడు ఫోటోగ్రాఫర్లు సంతకం పెట్టించుకునే కాయితాల్లో ఏవేవో ఉంటున్నాయి, చదివి పెట్టండి.

మరి ఎవరైనా మీ రాత ఎత్తుకెళ్తే ఏం చేయాలి? చట్టంలో శిక్ష గట్టిదే. ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, యాభైవేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా. మనం జైళ్ళ దాకా వెళ్ళేవాళ్ళం కాదు, ఉల్లికారం కోసం అసలే కాదు. ముందు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, తేదీ కనిపించేలా. మీరు ఎప్పుడు రాశారో ఆ మెసేజూ దాచుకోండి. తర్వాత పెట్టినవాళ్ళకి నేరుగా, మర్యాదగా రాయండి. ఇది నేను రాసింది, నా పేరు వేయండి, లేదా తీసేయండి అని. చాలామందికి తప్పని తెలియకే చేస్తారు, వెంటనే సరిచేస్తారు. వినకపోతే ఆ యాప్‌వాళ్ళకి ఫిర్యాదు పెట్టే చోటు అందులోనే ఉంటుంది, పెట్టండి. ఎవరో పెద్ద పుస్తకమే వేసి అమ్ముకుంటున్నారంటే అప్పుడు లాయరు. మా పెద్దబ్బాయి స్నేహితుడున్నాడు, మాట్లాడిస్తాను.

మీరు మాత్రం ఒక పని చేయండి వదినగారూ. ఆ ఉల్లికారం మళ్ళీ గ్రూపులో పెట్టండి, ఈసారి కింద మీ పేరు, ఊరు, సంవత్సరం రాసి. మీ అమ్మగారి పేరు కూడా రాయండి. ఇంకెవరి రాతైనా మీకు నచ్చి పంపాలనిపిస్తే, పంపేముందు రాసినవాళ్ళ పేరు వెతకండి. దొరికితే పైన పెట్టండి. దొరకకపోతే, రాసినవారెవరో తెలిస్తే చెప్పండి అని ఒక్క వాక్యం చేర్చండి.